చెట్టు పేరు అడిగిన దొర – విలియం రాక్స్‌బర్గ్ జీవితం

వడ్డాది నుంచి మాడుగుల దారి పడితే కాసేపటికే చెరకు తోటలు, వరి మళ్లు పలచబడి కొండలు దగ్గరకు వస్తాయి. ఆ కొండల మీద ఉన్న ప్రతి చెట్టుకూ మన పెద్దలు ఒక పేరు పెట్టారు. ఇప్ప, మద్ది, తాండ్ర, ఏగిస, సోమిద, తపసి, తుమికి, మోదుగ, అంకుడు. ఈ పేర్లు ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. తాత నోటి నుంచి మనవడి చెవికి, అమ్మ నోటి నుంచి కూతురి చెవికి అందుతూ వచ్చాయి. సుమారు 240 ఏళ్ల కిందట ఒక తెల్లదొర ఈ సర్కారు జిల్లాల్లో తిరుగుతూ, ప్రతి చెట్టు దగ్గరా ఆగి, దీన్ని మీరేమంటారని అడిగి రాసుకున్నాడు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. వృక్షశాస్త్రం చదివినవారు ఆయనను భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని అంటారు. మన అడవి చెట్ల శాస్త్రీయ నామాల చివర చాలాచోట్ల ఆయన పేరే కనిపిస్తుంది.

మన సంస్కృతి గురించి వేసుకునే సంచికలో కంపెనీ దొర కథ ఎందుకని కొందరు అడగవచ్చు. ఆయన జీవితం తెలుసుకుంటే మన చెట్ల పేర్లు ప్రపంచానికి ఎలా చేరాయో తెలుస్తుంది. ఆ దారిలో మనవాళ్ల పేర్లు ఎక్కడ జారిపోయాయో కూడా తెలుస్తుంది. ఈ రెండూ మన పిల్లలకు చెప్పవలసిన సంగతులే.

స్కాట్లాండు నుంచి సామర్లకోటకు

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివారు. ఆ రోజుల్లో వైద్యం చదివేవాడు మొక్కలు కూడా చదవాలి, ఎందుకంటే మందులన్నీ మొక్కల నుంచే. అక్కడ జాన్ హోప్ అనే గొప్ప వృక్షశాస్త్ర ఆచార్యుని దగ్గర ఆయనకు మొక్కల మీద ప్రేమ కలిగింది. చదువు తరువాత ఈస్టిండియా కంపెనీ ఓడల మీద వైద్యుని సహాయకుడిగా పనిచేశారు. 1776లో మద్రాసు వైద్య శాఖలో చేరారు.

మద్రాసులో దిగినప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎండ ఎంత, గాలి ఎటు, వాన ఎంత అన్నది క్రమం తప్పకుండా రాసుకునేవారు. ఆ లెక్కలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి కూడా. ఈ అలవాటు తరువాత కరువు కాలంలో ఎంత పనికివచ్చిందో ముందుకు పోతే తెలుస్తుంది.

1781 ప్రాంతంలో ఆయనను సామర్లకోటకు పంపారు. అక్కడి కోటలో కంపెనీ దండు ఉండేది. దండుకు వైద్యం చేయడం ఆయన ఉద్యోగం. మిగిలిన సమయమంతా మొక్కలకే. సామర్లకోటలో ఒక తోట వేశారు. సముద్ర తీరం నుంచి కొండ అంచు దాకా ఉన్న పల్లెలు, లోయలు, అడవులు ఆయనకు బడి అయ్యాయి.

ఆయన ముందు నడిచినవారు

ఈ పనిలో ఆయన ఒంటరివాడు కాదు. జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు ఆయనకంటే ముందే దక్షిణ దేశమంతా తిరిగి మొక్కలు సేకరించారు. స్వీడన్‌లో మహాశాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర చదువుకున్న మనిషి ఆయన. రాక్స్‌బర్గ్‌కు మొక్కలు చూసే కన్ను నేర్పినవారిలో కోనిగ్ ముఖ్యుడు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కోనిగ్ జబ్బుపడి చనిపోయారు. చివరి రోజుల్లో వైద్యం చేసినది రాక్స్‌బర్గే.

కోనిగ్ తరువాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవి పాట్రిక్ రస్సెల్‌కు వచ్చింది. ఆయన మన విశాఖపట్నంలోనే ఉండేవారు. పాముల మీద ఆయన రాసిన పుస్తకం నేటికీ ప్రసిద్ధం. రసెల్స్ వైపర్ అని ఇంగ్లీషులో పిలిచే రక్తపింజరకు ఆ పేరు ఆయన వల్ల వచ్చిందే. వెదురు కణుపుల్లో దొరికే తెల్లటి వెదురుప్పు మీద కూడా ఆయన వ్యాసం రాసి లండన్‌కు పంపారు. వెదురు కొట్టే మనవాళ్లకు వెదురుప్పు కొత్త కాదు. లండన్ పండితులకు మాత్రం అది పెద్ద వింత. 1789లో రస్సెల్ స్వదేశం వెళ్లిపోయాక ఆ బాధ్యత రాక్స్‌బర్గ్ మీద పడింది.

వరద తీసుకుపోయినా

1787 మే నెలలో కోరంగి తీరం మీద ఘోరమైన తుఫాను విరుచుకుపడింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేల మంది ప్రాణాలు పోయాయి. ఆ సంవత్సరం వరదలో రాక్స్‌బర్గ్ అంతవరకు పోగుచేసుకున్న ఎండు మొక్కలు, పుస్తకాలు, రాతలు కొట్టుకుపోయాయి. పదేళ్ల కష్టం నీళ్లపాలైంది.

ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి ఒక కొత్త పద్ధతి పట్టారు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని ప్రతి మొక్కనూ ఆకు, పువ్వు, కాయ, గింజలతో సహా నిజపరిమాణంలో రంగుల్లో వేయించారు. 1790 నాటికే సుమారు 700 చిత్రాలు తయారయ్యాయి. ఆయన జీవితకాలంలో ఇవి 2,500 దాటాయి. వాటిలో ఒక ప్రతి కలకత్తాలో, మరొకటి లండన్ దగ్గరి క్యూ తోటలో నేటికీ భద్రంగా ఉన్నాయి. చిత్రాల్లో ఈనెలు లెక్కపెట్టవచ్చు, పుప్పొడి కూడా గుర్తుపట్టవచ్చు. కానీ వాటిని వేసిన మన చిత్రకారుల పేర్లు దాదాపు ఎక్కడా లేవు.

కొండ మీది నుంచి వచ్చిన కొమ్మలు

రాక్స్‌బర్గ్ పల్లెలు తిరిగారు, కొండ లోయల్లోనూ మొక్కలు చూశారు. అయినా ఆయన చేతికి వచ్చినవన్నీ ఆయన స్వయంగా తెంపినవి కావు. కొండల నుంచి మనుషులు తెచ్చి ఇచ్చినవి కూడా ఉన్నాయి. దీనికి ఒక మంచి ఉదాహరణ లక్క. 1789లో కొండల నుంచి కొందరు లక్క అంటుకున్న కొమ్మలు తెచ్చి ఆయనకు ఇచ్చారు. ఆయన వాటిని సీసాల్లో పెట్టి ప్రతిరోజూ చూశారు. కొద్ది రోజులకు వాటిలో నుంచి కంటికి ఆననంత చిన్న ఎర్రటి పురుగులు బయటకు వచ్చాయి. లక్క చెట్టు జిగురు కాదని, ఒక పురుగు తయారుచేసేదని వివరిస్తూ ఆయన రాసిన వ్యాసం 1791లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. కొమ్మలు ఏ చెట్టు మీద దొరుకుతాయో, ఏ నెలలో కొయ్యాలో తెలిసి వాటిని కొండ దించిన మనుషులు ఎవరో ఆ వ్యాసంలో లేదు.

మిరియం కథ కూడా ఇలాంటిదే. ఆ రోజుల్లో మిరియాలు బంగారంతో సమానం. మలబారు తీరంలోనే అవి పండుతాయని కంపెనీ అనుకునేది. రాజమండ్రి సర్కారు కొండల్లో మిరియపు తీగ తనంతట తానే పెరుగుతోందని రాక్స్‌బర్గ్ గుర్తించారు. ఆ తీగలు తెచ్చి సామర్లకోటలో తోట వేశారు. ఈరోజు పాడేరు, అరకు కాఫీ తోటల్లో చెట్లకు మిరియపు తీగలు ఎక్కించి మన రైతులు ఆదాయం చూస్తున్నారు. ఈ కొండల గాలి మిరియానికి పడుతుందని ఆయన ఆనాడే కంపెనీకి రాశారు.

మన చెట్లు, ఆయన పుస్తకం

ఆయన పంపిన చిత్రాలు, వివరణల నుంచి 300 మొక్కలను ఎంపికచేసి లండన్‌లో కంపెనీ ఖర్చుతో అచ్చువేశారు. ఆ పనిని సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షించారు. పాట్రిక్ రస్సెల్ ముందుమాట రాశారు. ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే ఆ గ్రంథం 1795 నుంచి భాగాలుగా వెలువడి, మూడు పెద్ద సంపుటాలైంది. ఆయన చనిపోయిన తరువాత కూడా చివరి భాగం వస్తూనే ఉంది. అందులో చాలా మొక్కల వివరణలో తెలుగువారు దీన్ని ఇలా పిలుస్తారని రాసి ఉంటుంది.

ఆయన వర్ణించిన చెట్లలో మన సంతలకు, మన పండుగలకు దగ్గరివి ఎన్నో ఉన్నాయి.

ఇప్ప చెట్టు. ఇప్ప పువ్వును ఎండబెట్టి తినడం, సారా కాయడం, గింజల నుంచి నూనె తీయడం ఆయన వివరంగా రాశారు. కొండవాళ్లకు ఇది తిండి ఇచ్చే చెట్టని గుర్తించారు.

తపసి చెట్టు. తెల్లగా నున్నగా మెరిసే మానుతో రాళ్ల గుట్టల మీద పెరిగే ఈ చెట్టుకు స్టెర్క్యూలియా యూరెన్స్ అన్న పేరు ఆయన పెట్టిందే. దీని జిగురును గిరిజన సహకార సంస్థ మన దగ్గర కొంటోంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన ఆ సంస్థ కొనే సరుకుల పట్టీ చూస్తే రాక్స్‌బర్గ్ పుస్తకంలోని చెట్లు వరుసగా కనిపిస్తాయి.

తుమికి చెట్టు. దీని ఆకు బీడీలకు, పండు పిల్లలకు, నల్లని చేవ పనిముట్లకు. డయోస్పైరస్ మెలనాక్సిలాన్ అన్నది ఆయన పెట్టిన పేరు. నల్ల కర్ర అని దాని అర్థం.

ఏగిస చెట్టు. నరికితే నెత్తురులా ఎర్రని జిగురు కారుతుంది. ఆ జిగురును, కర్రను గురించి ఆయన రాశారు.

అంకుడు చెట్టు. దీని ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని ఆయన ప్రయోగాలు చేసి చూపించారు. ఆకులను వేడినీళ్లలో వేసి రంగు తీసే పద్ధతి రాసి లండన్‌కు పంపారు. అంకుడు కర్ర మీద లక్క రంగులు అద్ది బొమ్మలు చేసే ఏటికొప్పాక మనకు ఎంతో దూరం కాదు. ఆయన శ్రద్ధగా చూసిన లక్క, అంకుడు రెండూ ఆ బొమ్మలో కలుస్తాయి.

జీలుగు చెట్టు. మన్యంలో జీలుగు లేని పెళ్లి, పండుగ ఉండదు. ఈ చెట్టుకు శాస్త్రీయ నామం ఆయన కంటే ముందే ఉంది. అయితే దీని మాను లోపలి దవ్వ నుంచి తీసే పిండిని జావ కాచుకుని తాగి, సగ్గుబియ్యం జావకు ఇది ఏమాత్రం తీసిపోదని రాసినవాడు రాక్స్‌బర్గ్. కల్లు కోసమే కాక తిండి కోసం కూడా ఈ చెట్టును పెంచాలని ఆయన అభిప్రాయం.

తెలుగు పేరే శాస్త్రీయ నామమైన సోమిద

వీటన్నిటిలో మనం గర్వంగా చెప్పుకోవలసినది సోమిద చెట్టు. దీని బెరడు చేదు. జ్వరానికి దీని కషాయం ఇచ్చే అలవాటు మన దగ్గర పాతదే. ఆ రోజుల్లో మలేరియా జ్వరానికి దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు ఒక్కటే మందు. అది ఖరీదు, పైగా సరిగా దొరికేది కాదు. సోమిద బెరడు దానికి బదులుగా పనికివస్తుందేమోనని రాక్స్‌బర్గ్ పరీక్షించారు. రోగులకు ఇచ్చి చూశారు. బెరడును ఎడిన్‌బరోకు కూడా పంపారు. అక్కడ 1794లో ఒక వైద్య విద్యార్థి ఈ చెట్టు మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు.

సింకోనాను సోమిద తోసివేయలేకపోయింది. కానీ పేరు మాత్రం నిలిచింది. రాక్స్‌బర్గ్ మొదట దీన్ని మహాగని జాతిలో చేర్చారు. తరువాత ఫ్రెంచి శాస్త్రవేత్త ఒకరు దీన్ని వేరే ప్రజాతిగా గుర్తించి, తెలుగు పేరునే తీసుకుని సొయ్‌మిడా అని పెట్టారు. ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్రవేత్త అయినా ఈ చెట్టును పిలవాలంటే మన మాట పలకాలి.

కరువు కళ్లారా చూసి

1789 నుంచి 1792 వరకు ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. వానలు వరసగా తప్పాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి ఇదంతా చూశారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి రాసిన వాన లెక్కలు ఉన్నాయి. ఇది ఒక్కసారి వచ్చిపోయే కష్టమా, మళ్లీ మళ్లీ వచ్చేదా అన్నది ఆయన తెలుసుకోదలచారు. పిఠాపురం రాజావారి దగ్గరి పాత రాతల్లో దాదాపు నూరేళ్ల కిందట ఇలాంటి కరువు వచ్చినట్టు ఉందని విని, దాన్ని కూడా తన లేఖల్లో చేర్చారు.

చివరకు ఆయన చెప్పిన ఉపాయం చెట్టే. వరి, చోడి వాన మీద ఆధారపడతాయి. చెట్టు వేరు లోతుకు పోతుంది కాబట్టి ఒక ఏడు వాన తప్పినా నిలుస్తుంది. అందుకే కాలువ గట్ల మీద, ఊరి చుట్టూ కొబ్బరి, తాటి, ఈత, సగ్గు, పనస, అరటి వంటివి విరివిగా నాటించాలని కంపెనీకి రాశారు. కరువులో అడవి దుంపలు, ఇప్ప పువ్వు, మామిడి టెంకల జావతో ప్రాణం నిలుపుకున్న మన పెద్దలకు ఈ సంగతి పాతదే. దాన్ని దొరల చెవిన వేసినవాడు ఆయన.

కలకత్తా, ఆఫ్రికా తీరం, చివరి రోజులు

1793లో ఆయనను కలకత్తా కంపెనీ తోటకు అధిపతిగా వేశారు. సామర్లకోట తోట బాధ్యత బెంజమిన్ హైనే అనే మరో శాస్త్రవేత్తకు వచ్చింది. కలకత్తా తోటలో రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆయన వెళ్లేసరికి అక్కడ సుమారు 300 రకాల మొక్కలు ఉండేవి. 1814లో ఆయన మిత్రుడు విలియం కేరీ అచ్చువేసిన పట్టికలో అవి 3,500 దాకా ఉన్నాయి. మన అడవుల్లోని కుంభి చెట్టుకు కరేయా అన్న పేరు ఆ కేరీ పేరు మీదే వచ్చింది. గుగ్గిలం చెట్టుకు షోరియా అన్న పేరును అప్పటి గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ పేరు మీద పెట్టారు.

మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని 1798–99లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతంలో ఉన్నారు. విశ్రాంతి కోసం వెళ్లిన మనిషి అక్కడ కూడా మొక్కలు పోగుచేశారు. 1813లో చివరిసారి మన దేశం వదిలి వెళ్తూ, దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగి ఆ దీవి మొక్కలకు కూడా పట్టిక రాశారు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన ప్రధాన గ్రంథం ‘ఫ్లోరా ఇండికా’ ఆయన బతికి ఉండగా అచ్చుకాలేదు. 1832లో కేరీ దాన్ని పూర్తిగా వెలువరించారు.

ఆయన గౌరవార్థం ఒక తీగకు రాక్స్‌బర్గియా అని పేరు పెట్టారు. కానీ దానికి అంతకుముందే మరొకరు పెట్టిన పేరు ఉండటంతో, శాస్త్ర నియమం ప్రకారం అది చెల్లలేదు. ముందు పెట్టిన పేరుకే విలువ అన్నది ఆ నియమం. ఈ లెక్కన చూస్తే మన ముత్తాతలు పెట్టిన పేర్లు అన్నిటికన్నా ముందువి. కాగితం మీద రాయలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు, అంతే.

మెచ్చుకోవలసినది, మరువకూడనిది

రాక్స్‌బర్గ్ ఓపికను, నిజాయితీని మనం మెచ్చుకోవాలి. స్థానికుల పేరును పక్కకు నెట్టకుండా రాసుకున్నారు. మనం తినేది తిని, తాగేది తాగి చూశారు. అన్నీ పోయినా మళ్లీ మొదలుపెట్టారు.

అదే సమయంలో ఆయన కంపెనీ ఉద్యోగి అన్నది మరువకూడదు. మిరియం, నీలి, లక్క, కలప – ఏది అమ్మితే ఎంత వస్తుందన్నది ఆయన యజమానుల ప్రశ్న. ఆయన కాలంలోనే రాజమండ్రి ప్రాంతపు టేకు విత్తనాలు బెంగాలుకు వెళ్లాయి. ఓడలకు కలప కావాలి. చెట్టు పుస్తకంలోకి ఎక్కింది, తరువాత లెక్కల్లోకి ఎక్కింది, ఆ తరువాత చట్టంలోకి ఎక్కింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. పోడు నేరమైంది. తరతరాలుగా ఆ చెట్ల కింద బతికినవాడు కట్టెపుల్లకు కూడా అనుమతి అడగవలసి వచ్చింది. ఆ బాధే 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం సోదరులను, ముఠాదారులను, మన్యం యువకులను నడిపించింది. అడవి మీద మన హక్కును చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది.

ఇదంతా ఒక్క రాక్స్‌బర్గ్ చేసిన పని కాదు. కానీ తెలిసినవాడి తెలివి రాసుకున్నవాడి ఆస్తి ఎలా అవుతుందో ఆయన జీవితం మనకు చూపిస్తుంది. లక్క కొమ్మ తెచ్చినవాడు, సోమిద బెరడు జ్వరానికి మంచిదని చెప్పినవాడు, మిరియపు తీగ ఉన్న లోయకు దారి చూపినవాడు – వీళ్ల పేర్లు మనకు ఇక దొరకవు.

ఇప్పుడు మన వంతు

రాక్స్‌బర్గ్ రాసుకున్నవి ఎక్కువగా తెలుగు పేర్లు. మన కొండల్లో కువి, గదబ, పోర్జ, కోయ, ఆదివాసీ ఒడియా భాషలు ఉన్నాయి. ఒక్కో భాషలో ఒక్కో చెట్టుకు సొంత పేరు, ఆ పేరు వెనుక ఒక కథ, ఒక మందు, ఒక నియమం ఉన్నాయి. మామిడి కొత్త చేయకుండా కాయ ఎందుకు ముట్టకూడదో, ఏ చెట్టును గొడ్డలి తాకకూడదో, ఏ దుంపను ఎన్ని నీళ్లు మార్చి ఉడికించాలో మన పెద్దలకు తెలుసు. ఆ పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చే పిల్లవాడికి యూకలిప్టస్, సిల్వర్ ఓక్ తెలుసు. సోమిద చూపించమంటే తెలియదు.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. మన యువతీ యువకులు సెలవుల్లో అవ్వతాతల వెంట ఒకరోజు అడవికి వెళ్లండి. చెట్టు చెట్టు దగ్గరా ఆగి పేరు అడగండి. మన భాషలో పేరు, తెలుగు పేరు, పూత కాలం, వాడకం రాసుకోండి. ఫోటో తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ సంగతి చెప్పిన అవ్వ పేరు, తాత పేరు, వారి ఊరి పేరు ఆ కాగితం మీద మొదటి వరుసలో రాయండి. 240 ఏళ్ల కిందట రాయకుండా వదిలేసిన వరుస అదే.